సహాయ కేంద్రంలో నేను చేసిన సహాయం

నేను పదవీ విరమణ చేసిన నాలుగో నెలలో, నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. సోషల్ వర్కులో పీజీ చేసింది. చురుకైన పిల్ల. చేతిలో కొత్త డైరీ ఉంది. "మేడం, ఈ నౌకరిల ఏం చేయాల్నో అక్కడ ఎవ్వరూ సరిగ్గ చెప్తలేరు. మీరన్నా చెప్పండి" అంది. టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. ఆమె వెళ్ళిపోయాక సిగ్గేసింది. నేను చెప్పినవి ఓరియెంటేషన్ రోజున డీన్లు చెప్పే మాటలే. నిజంగా జరిగింది ఒక్కటీ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది రాయచూరు పట్టణమే. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. పట్టణం చివర ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, విద్యార్థి సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌గా ఇరవై రెండేళ్ళు పనిచేశాను. దాని పేరు రాయను. రాస్తే ఆ ఒక్కచోటే ఇట్లా ఉందనుకుంటారు. పిల్లల పేర్లు మార్చాను. మా మాటలు కొన్ని తెలుగులో, ఎక్కువ కన్నడంలో జరిగాయి. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

బోర్డు మీద ఉన్నవి

పరిపాలనా భవనం మెట్ల పక్కన ఒక పెద్ద బోర్డు ఉండేది. మానసిక సలహా, ఆరోగ్య కేంద్రం, వికలాంగ విద్యార్థుల విభాగం, మహిళా విభాగం, ఫిర్యాదుల విభాగం, ఉద్యోగ మార్గదర్శనం అని ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన బాణం గుర్తులు వేశారు. చదివినవాళ్ళకు అక్కడ ఆరు గదులు, ఆరుగురు మనుషులు ఉన్నారనిపించేది. ఆ బాణాల్లో నాలుగు నా గదికే వచ్చేవి. ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మ మధ్యాహ్నం దాకా ఉండేది. ఉద్యోగ మార్గదర్శనం గది నేను చూసినంత కాలం మూసే ఉంది. లోపల పాత జవాబు పత్రాల కట్టలు పెట్టారు.

తనిఖీ బృందం వస్తుందంటే వారం ముందే పెయింటర్ వచ్చేవాడు. బోర్డు కొత్తగా మెరిసేది. నా గదిలోకి ఎక్కడినుంచో ఒక సోఫా, గోడకు ఒక పూల పటం వచ్చేవి. బృందం వెళ్ళిన మర్నాడు రెండూ వెళ్ళిపోయేవి. ఒకసారి ఒక పిల్ల ఆ సోఫాలో కూర్చుని ఏడుస్తుంటే ఇద్దరు మనుషులు తలుపు తోసుకుని వచ్చి, సోఫా కావాలన్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. వాళ్ళు మోసుకుపోయారు. నేను కుర్చీ చూపించాను. "వద్దులే మేడం, క్లాసుంది" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమె ఏం చెప్పాలని వచ్చిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇది చదివి నవ్వొస్తే నవ్వండి. నేనూ ఆ రోజుల్లో ఇంటికి వచ్చి దీన్ని నవ్వుతూనే చెప్పాను.

గది ఎక్కడుంది

నా మొదటి గది రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుగా ఉండేది. అక్కడికి వచ్చిపోయే లెక్చరర్లందరికీ నా తలుపు కనిపించేది. మొదటి ఏడాది నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బస్‌పాసు ఎక్కడిస్తారని అడగడానికే వచ్చారు. పిల్లలకు పెద్ద కష్టాలేమీ లేవని అనుకున్నాను. ఆ మాట ఏడాది చివరి నివేదికలో రాశాను కూడా.

ఒకరోజు బస్టాపులో ఒక ఎంకామ్ విద్యార్థిని నా పక్కన నిలబడి, అటూ ఇటూ చూసి అంది: "మేడం, మీ రూముకు రావాల్నని శానా సార్లు అనుకున్న. ఎదురుంగనే మా సార్లు నిలబడి ఉంటరు. మీ తాన పోయినోళ్ళను పిచ్చోళ్ళంటరు."

డీన్ గారితో చెప్పాను. అప్పటి డీన్ పెద్దమనిషి, నిదానస్తుడు. "అక్కడైతే అందరికీ కనిపిస్తుంది కదమ్మా, మంచిదే కదా" అన్నారు. ఆ కనిపించడమే చిక్కు అని ఆయనకు అర్థం చేయించలేకపోయాను. మూడేళ్ళు అడిగాక, ఆడపిల్లల మెస్సు వెనక ఉల్లిగడ్డల మూటలు పెట్టే గది ఖాళీ చేసి ఇచ్చారు. ఎండాకాలంలో పొయ్యిల వేడికి కూర్చోలేకపోయేదాన్ని. కానీ పిల్లలు రావడం మొదలుపెట్టారు. భోజనానికి వచ్చినట్టు వచ్చి, లోపలికి జారుకునేవారు.

అక్కడే హుసేన్‌బీ పరిచయమైంది. మెస్సులో జొన్నరొట్టెలు కొట్టేది. చదువు లేదు. ఎవరు ఎన్ని రొట్టెలు తింటారో, ఎవరు ఎప్పటినుంచి తగ్గించారో ఆమె చేతికి తెలుసు. "మేడం, ఆ కిటికీ కాడ కూసునే పోరి మూడు రొట్టెలు తింటుండె. ఎనిమిది దినాల సంది ఒకటే తీస్కుంటుంది, అది గూడ తినదు. జర చూడు" అనేది. ఆమె చూడమన్న ప్రతి పిల్లకూ ఏదో ఒక బాధ ఉండేది. ఆ బోర్డు మీద హుసేన్‌బీ పేరు ఎప్పుడూ లేదు.

హనుమంతు పరీక్ష

ముందు ఒక చిన్న తప్పు చెబుతాను.

హనుమంతు పుట్టు గుడ్డి. చిక్కసూగూరు నుంచి రోజూ తమ్ముడి భుజం పట్టుకుని బస్సులో వచ్చేవాడు. చరిత్రలో ఎమ్మే. క్లాసులో విన్నది విన్నట్టు గుర్తుండేది. అతనికి పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వాలి, అది నా పని. ఆ మనిషి అతనికంటే తక్కువ చదివి ఉండాలని, వేరే విషయం చదివి ఉండాలని నియమం. నేను నియమం ప్రకారం పీయూసీ, అంటే ఇంటర్ చదివే ఒక అమ్మాయిని వెతికి తెచ్చాను. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పరీక్షకు ముందు వాళ్ళిద్దరినీ ఒక్కసారన్నా కలిపి కూర్చోబెట్టాలని నాకు తోచలేదు.

రెండు పేపర్లు తప్పాడు. జవాబు పత్రాల నకలు తెప్పించి చూశాను. అతను చెప్పిన రాజుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఆ అమ్మాయికి తెలియవు. వినబడినట్టు రాసింది. తోచనిచోట ఖాళీ వదిలేసింది. వదిలేశానని అతనికి చెప్పలేదు, భయపడింది.

హనుమంతుకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "నేను చెప్పుకుంట పోయిన మేడం. ఆమె రాస్తుందనుకున్న. పెన్ను చప్పుడు వస్తనే ఉండె" అన్నాడు.

మరుసటి ఏడాది పరీక్షకు నెల ముందునుంచే ఇద్దరినీ కూర్చోబెట్టి రాయించాను. పాసయ్యాడు. కానీ ఆ ఏడాది పోయింది కదా. అప్పుడు వచ్చిన ఉద్యోగ ప్రకటనకు వయసు దాటింది. ఇప్పుడు ఊళ్ళో టీ హోటలు ముందు కూర్చుని పిల్లలకు పాఠాలు చెబుతాడు. ఎదురుపడితే నా గొంతు గుర్తుపట్టి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం కష్టంగా ఉంటుంది.

శరణమ్మ

శరణమ్మది దేవదుర్గ తాలూకాలో ఒక చిన్న ఊరు. వర్షాధారపు చేను చాలక, కార్తె చూసుకుని అక్కడి ఊళ్ళకు ఊళ్ళే బెంగళూరుకు కట్టడం పనులకు వెళ్ళిపోతాయి. తల్లీదండ్రీ ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. ఈమె హాస్టళ్ళలో పెరిగింది. డిగ్రీ వరకు కన్నడంలో చదివి, గణితంలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. ఆ ఊరి నుంచి అంతదాకా వచ్చిన మొదటి మనిషి. తల్లిది నదికి అవతల, తెలుగు మాట్లాడే మక్తల్ వైపు కాబట్టి తెలుగు వచ్చు.

దసరా సెలవుల తర్వాత హుసేన్‌బీ ఆమెను చెయ్యి పట్టుకుని నా గదికి తీసుకొచ్చింది. "ఈ పోరి రొట్టె ముడుతలేదు. అడిగితే ఆకలి లేదంటది. ఆకలి లేని మొఖమా ఇది?" అని నా ముందు కూర్చోబెట్టి వెళ్ళింది.

మొదటిసారి ఏమీ చెప్పలేదు. రెండోసారి కొంచెం చెప్పింది. సెలవులకు హాస్టలు మూసేస్తే అందరూ ఇళ్ళకు వెళ్ళారు. ఈమె ఇంటికి తాళం. మేనత్త ఇంట్లో ఉండి పత్తి ఏరడానికి పోయింది. తిరిగొచ్చేసరికి ఇంటర్నల్ పరీక్ష. తప్పింది. ఒక సారు బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించి, ఇంగ్లీషులో వివరించమన్నాడు. లెక్క సరిగ్గానే చేసింది. నోరు పెగలలేదు. క్లాసు నవ్వింది, సారూ నవ్వాడు.

మూడోసారి వచ్చినప్పుడు చాలాసేపు గోరుతో బల్ల గీకుతూ కూర్చుంది. అప్పుడు అంది: "మేడం, పండుకునేటప్పుడు, రేపు లేవకపోతే బాగుండు అనిపిస్తది. రోజు గట్లనే అనిపిస్తది."

ఆ మాట చెప్పి భయపడింది. చెప్పకూడనిది చెప్పినట్టు. వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "మా ఇంట్ల చెప్పకండి మేడం. మా నాయిన వచ్చి తీస్కపోతడు. మల్ల పంపడు."

"చెప్పను" అన్నాను.

ఆ వారం రెండుసార్లు పిలిచి మాట్లాడాను. ప్రభుత్వ దవాఖానలో మంచి మానసిక వైద్యుడు ఉన్నాడు, నాకు తెలిసినవాడే. శుక్రవారం తీసుకెళ్తానంటే ఒప్పుకుంది. గణితం విభాగంలో ఒక లేడీ లెక్చరర్ సాయంత్రాలు ఇంగ్లీషులో లెక్క చెప్పడం నేర్పిస్తానంది. హుసేన్‌బీ పక్కనే నిలబడి రొట్టె తినిపించేది. బుధవారం నాటికి శరణమ్మ రెండు రొట్టెలు తింది. ఆ సంగతి హుసేన్‌బీ పెళ్ళి కబురు చెప్పినట్టు వచ్చి చెప్పింది.

పది నిమిషాలు

నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్ల గురించి రిజిస్టరులో రెండు వాక్యాలు రాయాలి. నేను రాశాను, ఆమె అన్న మాట అన్నట్టే. నెలకొకసారి డీన్ గారు ఆ రిజిస్టరు చూసి సంతకం చేస్తారు. ఆ నెల మర్నాడు, గురువారమే చూశారు.

ఈయన రెండో డీన్, భౌతికశాస్త్రం ప్రొఫెసర్. చెడ్డవాడు కాదు. ఇంకెక్కడో ఒక కాలేజీలో ఒక పిల్లవాడు పోయాడని, అక్కడి వాళ్ళను పోలీసులు, పత్రికలవాళ్ళు వాయించారని అంతకుముందే విని ఉన్నాడు. నన్ను పిలిచి రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"ఇది రాసింది మీరేనా?"

"అవును సార్. రేపు దవాఖానకు తీసుకెళ్తున్నాను."

"ఈ రాత్రే ఏమైనా అయితే? మనకు తెలిసి కూడా హాస్టల్లో ఉంచుకున్నామని రేపు ఎవరైనా అడిగితే ఎవరు జవాబు చెప్తారు? మీరా, నేనా?"

ఆ పిల్ల ఇప్పుడు తింటోందని, మాట్లాడుతోందని, ఇంటికి పంపితే అక్కడ ఎవరూ లేరని, ఇల్లు తాళం వేసి ఉందని చెప్పాను. ఆయన విన్నారు. "తల్లిదండ్రులను పిలిపించండి. హామీపత్రం తీసుకోండి. బాగైందని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకున్నాక మళ్ళీ చేర్చుకుందాం. మనమేమీ చదువు మాన్పించడం లేదు కదా" అన్నారు.

ఈ సంగతి తర్వాత చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, నేను డీన్‌తో పోట్లాడాను అన్నాను. నిజం రాయాలంటే, నేను మాట్లాడింది పది నిమిషాలు. గొంతు పెంచలేదు. నేను పంపనని అనలేదు. మా ఇంటికి తీసుకెళ్ళి ఉంచుకుంటానని అనలేదు, ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. రాసివ్వండి సార్, అని కూడా అడగలేదు. పది నిమిషాల తర్వాత నా గదికి వచ్చి ఆమె నాన్నకు ఫోన్ చేశాను. చేస్తున్నానని ఆమెకు చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియక, తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాను.

ఫోన్‌లో కాంక్రీటు మిక్సరు చప్పుడు. "మీ అమ్మాయి మనసు బాగాలేదు, ఒకసారి రండి" అన్నాను. ఆయనకు సగమే వినబడింది. "బతికున్నదా?" అని అరిచాడు.

హామీపత్రం

మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. పేరు భీమన్న. సిమెంటు మరకల చొక్కాతోనే రైలెక్కాడు. కూతురిని చూసి, క్షేమంగా ఉందని తెలుసుకుని, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. కుర్చీలో కూర్చోమంటే వినలేదు.

శరణమ్మ నన్ను చూసింది.

డీన్ గారి గదిలో ఇంగ్లీషు కాగితం పెట్టారు. విద్యార్థిని మానసిక పరిస్థితి దృష్ట్యా తండ్రి స్వచ్ఛందంగా తీసుకెళ్తున్నాడని, ఇకమీద జరిగేదానికి విశ్వవిద్యాలయం బాధ్యత లేదని అందులో ఉంది. చదివి చెప్పమని భీమన్న నన్నే అడిగాడు. చెప్పాను.

"మనసుకు ఏమైంది మేడం? పిచ్చా?"

"పిచ్చి కాదు. చదువుల ఒత్తిడి. డాక్టరుకు చూపిస్తే నయమైతది. ఇయ్యాలనే నేను చూపిస్తా, రెండు దినాలు ఇక్కడే ఉండండి."

"పిచ్చి డాక్టరా?"

నేను మాట్లాడేలోపు ఆయన చేతులు జోడించాడు. "మా మందిల గీ మాట తెలిస్తె ఈ పిల్లను ఎవ్వరు చేస్కోరు. ఇంకో పిల్ల గూడ ఉంది నాకు. మీకు దండం పెడ్త, ఎవ్వరికి చెప్పకండి. నేను తీస్కపోత."

వేలిముద్ర వేశాడు. సాక్షి సంతకం చేయాల్సిన చోట నేను చేశాను.

హాస్టలు గేటు దగ్గర శరణమ్మ ఒక లైబ్రరీ పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇది సోమవారం వాపస్ ఇయ్యాలె మేడం. మీరు ఇచ్చేయండి" అంది. అంతే. హుసేన్‌బీ గుడ్డలో కట్టి రొట్టెలు ఇచ్చింది. తండ్రి ఇనుప పెట్టె భుజం మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డుకు నడిచారు.

ఆ శుక్రవారం నేను డాక్టరుతో అనుకున్న సమయం అలాగే పోయింది. ఆయన ఫోన్ చేసి, "ఏమైందమ్మా, మీ పిల్ల రాలేదు?" అని అడిగాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీకు ఉపయోగపడే మాటలు ఉంటే ఇవే.

ప్రాణానికి సంబంధించిన మాట విన్నప్పుడు "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. అది నా మొదటి తప్పు. నిలబెట్టుకోలేని మాట ఇచ్చాను. చెప్పాల్సి రావచ్చని ముందే ఆ పిల్లకు చెప్పండి. ఎవరికి చెప్పాలో, ఏ మాటల్లో చెప్పాలో ఆమెతోనే కూర్చుని తేల్చండి. ఫోన్ చేసేటప్పుడు ఆమె పక్కనే ఉండాలి. డాక్టరు దగ్గరికి పోవాల్సింది శుక్రవారం దాకా ఆపకండి, ఆ రోజే, ఆ గంటలోనే వెంటబెట్టుకుని వెళ్ళండి. నేను ఆ మొదటి రోజే తీసుకెళ్ళి ఉంటే డీన్ గారి ముందు డాక్టరు రాసిన కాగితం ఉండేది. ఆయన కాగితానికి భయపడే మనిషి. మరో కాగితం చూపిస్తే ఆగేవాడు.

పిల్ల అన్న మాట రిజిస్టరులో ఎక్కించేటప్పుడు, దాన్ని ఎవరు చదువుతారో ఆలోచించండి.

ఇంకొకటి. సహాయ కేంద్రం ఎవరికి సహాయం చేయడానికి పెట్టారో మొదటి నెలలోనే తెలుసుకోండి. నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ఏదైనా జరిగితే "మాకు కేంద్రం ఉంది" అని చెప్పుకోవడానికి అది సంస్థకు కావాలి. పిల్లలకు సహాయం అందులో దొంగతనంగా చేయాల్సిన పని. చేయగలిగినంత చేయండి. నేను చేయగలిగినంత చేశానని మాత్రం అనలేను.

సెలవుల్లో ఇళ్ళకు తాళం ఉన్న పిల్లల కోసం హాస్టల్లో ఒక్క గదైనా తెరిచి ఉంచమని నేను రిటైరయ్యేదాకా రాశాను. నేను వచ్చేసేటప్పుడు కూడా పరిశీలనలో ఉంది.

జాలహళ్ళి

ఇది రాయడం ఇష్టంలేక చివరికి ఉంచాను.

శరణమ్మ వెళ్ళాక భీమన్న ఫోన్ పలకలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఏడాది దాటితే సీటు రద్దవుతుందని, ఎండలు ముదిరాక, హుసేన్‌బీని వెంటబెట్టుకుని బయల్దేరాను. దేవదుర్గలో బస్సు మారి ఆమె ఊరికి పోతే ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ చెప్పింది: "శరణి లగ్గం అయిపాయె. జాలహళ్ళిల ఇచ్చిండ్రు."

అదే తాలూకాలోని జాలహళ్ళిలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. చెట్టు లేని వాకిలి. తలమీద కొంగు కప్పుకుని శరణమ్మ ఒక్కతే కూర్చుని తొడిమెలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. హుసేన్‌బీ గబగబా పోయి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎట్లున్నవమ్మా?" అన్నాను.

"మంచిగనే ఉన్న మేడం."

"నీ సీటు ఇంకా ఉంది. నేను డాక్టరుతో మాట్లాడిన. సర్టిఫికెట్ ఇప్పిస్త. ఈ నెలల వస్తే—"

"మెల్లగ మాట్లాడండి" అంది. వీధి వైపు చూసింది. "మా అత్త బోరింగు కాడికి పోయింది. వస్తది."

"మీ ఆయనతో నేను మాట్లాడనా?"

"ఏమని మాట్లాడ్తరు?" మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "చదువు ఎందుకు ఇడిసినవని ఈళ్ళు అడిగిండ్రు. జ్వరమొచ్చిందని మా నాయిన చెప్పిండు. మీరొచ్చి సీటు, డాక్టరు, సర్టిఫికెట్ అంటే ఏం జ్వరమని అడుగుతరు. అప్పుడు నేనేం చెప్పాల?"

తప్పు నాదేనని, ఆ రోజు ఫోన్ చేసేముందు ఆమెకు చెప్పాల్సిందని అన్నాను. ఆమె మిరపకాయ తొడిమె తుంచి పక్కన వేసింది.

"మీ నౌకరి మీరు చేసిండ్రు. నేను మీకు ఆ మాట చెప్పకపోయుంటే నా చదువు అయిపోతుండె. అంతే మేడం. మీకాడికి రాకముందు గూడ నేను రోజు లేస్తనే ఉంటి గదా."

హుసేన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నెత్తిమీద బిందెతో అత్త వచ్చింది. గట్టి మనిషి, అలసిపోయి ఉంది. బిందె దించి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవరే వీళ్ళు?" అంది.

"సర్వే చేయనికె వచ్చిండ్రు" అంది శరణమ్మ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నా సంచిలో ఆమె కోసం తెచ్చిన రీ-అడ్మిషన్ ఫారాలు ఉన్నాయి. వాటిని తీయకుండా కిందినుంచి ఒక నోటుబుక్కు తీశాను. కలం తీశాను. అరుగు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాను. ఇంటి యజమాని పేరు. ఇంట్లో ఎంతమంది. భూమి ఉందా. నీళ్ళు ఎక్కడినుంచి. అత్త చెబుతుంటే రాసుకున్నాను.

"కోడలి పేరు?"

"శరణమ్మ."

"చదువు?"

అడిగాక గానీ ఏమి అడిగానో తెలియలేదు. అత్త చెయ్యి ఊపింది. "ఏదో రాయచూర్ల పెద్ద చదువే చదువుతుండెనంట. నడుమలనే ఇడిసింది, జ్వరమొచ్చి."

శరణమ్మ తల ఎత్తి నన్ను చూసింది. నేను రాసేదాకా చూస్తూనే ఉంది. "జ్వరం" అని రాశాను. అది చూశాక మళ్ళీ మిరపకాయల మీదికి వంగింది.

లేస్తుంటే అత్త అడిగింది. "ఇంతగనం రాస్కుంటిరి. ఏమన్న వస్తదా మాకు, మీరు రాస్కున్నందుకు?"

"ఏమీ రాదమ్మా" అన్నాను.

"మరెందుకు వస్తరు ఎండల పడి?" అని ఆమె బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.